కంప్యూటర్ గో బహుమతి సవాళ్ళు

కంప్యూటర్ గో బహుమతి సవాళ్ళు అనగా గో అనే ప్రాచీన తూర్పు ఆసియా క్రీడలో బలమైన మానవ ఆటగాళ్ళను ఓడించగల కంప్యూటర్ ప్రోగ్రాముల కోసం ప్రకటించిన నగదు బహుమతులు, పందేలు మరియు ప్రత్యేక పోటీలు. వీటిలో మిక్కిలి ప్రసిద్ధమైనది తైవాన్ పారిశ్రామికవేత్త ఇంగ్ చాంగ్-కీ పేరిట ఏర్పడిన బహుమతి. దాని అత్యున్నత మొత్తం 4 కోట్ల కొత్త తైవాన్ డాలర్లు. 2000 సంవత్సరంతో ఆ బహుమతి గడువు ముగిసింది. అప్పటికి ఏ ప్రోగ్రామూ ఆ మొత్తానికి దరిదాపుల్లోకి కూడా రాలేదు. 2016 మార్చిలో ఆల్ఫాగో అనే ప్రోగ్రాము ప్రపంచంలోని అగ్రశ్రేణి ఆటగాళ్ళలో ఒకడైన లీ సెడోల్‌ను 4-1 తేడాతో ఓడించింది.

గో సవాళ్ళకు ఆదర్శంగా నిలిచినవి చదరంగంలోని బహుమతులు. వాటిలో ముఖ్యమైన ఫ్రెడ్కిన్ బహుమతి అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో నెలకొల్పబడింది. కృత్రిమ మేధ రంగంలో ట్యూరింగ్ పురస్కారం పొందిన తెలుగువాడు రాజ్ రెడ్డి అదే విశ్వవిద్యాలయంలో పనిచేశాడు. చదరంగంలో ప్రపంచ విజేతను ఓడించే యంత్రాన్ని తన రంగపు మహా సవాళ్ళలో ఒకటిగా ఆయన ప్రకటించాడు.

== గో క్రీడా పరిచయం ==

గో క్రీడ చైనాలో పుట్టింది. అక్కడ దీనిని వేయ్‌చీ అని, కొరియాలో బదుక్ అని, జపాన్‌లో ఇగో అని పిలుస్తారు. నిలువుగా 19, అడ్డంగా 19 గీతలు గల పలకపై ఇద్దరు ఆడే ఆట ఇది. ఒకరికి నల్ల రాళ్ళు, మరొకరికి తెల్ల రాళ్ళు ఉంటాయి. గీతలు కలిసే 361 బిందువులలో ఖాళీగా ఉన్న చోట ఆటగాళ్ళు వంతులవారీగా ఒక్కొక్క రాయిని పెడతారు. పెట్టిన రాయిని తిరిగి జరపరాదు. ఒక రాయిని గానీ, ఒకదానితో ఒకటి కలిసి ఉన్న రాళ్ళ గుంపును గానీ ప్రత్యర్థి అన్ని వైపుల నుండి చుట్టుముట్టి ఖాళీ బిందువు లేకుండా చేస్తే అవి పలక నుండి తొలగించబడతాయి. ఆట చివరలో ఎక్కువ స్థలాన్ని తన ఆధీనంలో ఉంచుకున్నవారు గెలిచినట్లు.

తెలుగునాట ఆడే దాడి ఆటలోను, పులిజూదంలోను కాయలను గడులలో కాక గీతలు కలిసే చోటనే ఉంచుతారు. పులిజూదంలో పులులు మేకలపై నుండి దూకి వాటిని చంపుతాయి. మేకలకు దూకే శక్తి లేదు; అవి పులులను ఎటూ కదలలేని విధంగా చుట్టుముట్టి బంధిస్తాయి. గో ఆటలో దూకడం అనేది లేదు. ఇరుపక్షాల బలమూ మేకల బలం వంటిదే, అనగా చుట్టుముట్టడమే. నియమాలు ఇంత సులభమైనప్పటికీ ఆట మాత్రం ఎంతో లోతైనది.

ఆటగాళ్ళ స్థాయిని డాన్ అనే కొలమానంలో తెలుపుతారు. ఔత్సాహికులకు, వృత్తి ఆటగాళ్ళకు వేర్వేరు డాన్ శ్రేణులు కలవు. వృత్తి ఆటగాళ్ళలో 9వ డాన్ అత్యున్నతమైనది.

=== హ్యాండీక్యాప్ రాళ్ళు ===

గో ఆటలో బలహీనుడు, బలవంతుడు కూడా సమానంగా పోటీ పడేందుకు ఒక చక్కని ఏర్పాటు ఉంది. ఆట మొదలు కాకముందే బలహీనుడు కొన్ని నల్ల రాళ్ళను పలకపై పెట్టుకుంటాడు. వీటిని హ్యాండీక్యాప్ రాళ్ళు అంటారు. ఇద్దరి మధ్య స్థాయి భేదం ఎంత ఎక్కువైతే అన్ని ఎక్కువ రాళ్ళు ఇస్తారు. సాధారణంగా 9 రాళ్ళకు మించి ఇవ్వరు. చదరంగంలో ఏనుగునో గుర్రాన్నో వదులుకొని ఆడితే ఆట స్వరూపమే మారిపోతుంది. గోలో ఒక్కొక్క రాయినీ పెంచుతూ, తగ్గిస్తూ పోవచ్చు కనుక ఇది సన్నని గీతలు గల కొలబద్దలా పనిచేస్తుంది. ఇంగ్ బహుమతి మెట్లు ఈ కొలబద్దపైనే ఆధారపడి ఉండేవి.

== కంప్యూటర్లకు గో ఎందుకు కష్టమైనది ==

చదరంగంలో ఒక సగటు స్థితిలో సుమారు 35 ఎత్తులకు అవకాశం ఉంటుంది. గోలో ఈ సంఖ్య సుమారు 250. 19 గీతల పలకపై నియమబద్ధంగా ఏర్పడగల స్థితుల సంఖ్యను జాన్ ట్రాంప్ అనే శాస్త్రవేత్త 2016 జనవరిలో కచ్చితంగా లెక్కించాడు. అది 171 అంకెలు గల సంఖ్య. కనిపించే విశ్వంలోని పరమాణువుల అంచనా సంఖ్యకు సుమారు 80 అంకెలే ఉంటాయి.

అయితే ఎత్తుల సంఖ్య ఎక్కువగా ఉండటం ఒక్కటే అసలు కష్టం కాదు. ఏ ఆట ప్రోగ్రామైనా కొన్ని ఎత్తుల వరకు ముందుకు చూసి, అక్కడ ఏర్పడిన స్థితి ఎవరికి అనుకూలమో అంచనా వేయాలి. చదరంగంలో ఇది కొంత సులభం. మంత్రికి ఇన్ని, ఏనుగుకు ఇన్ని, బంటుకు ఇన్ని అని విలువలు కట్టి కూడితే అంచనా చాలావరకు సరిపోతుంది. గోలో రాళ్ళన్నీ ఒకే విధమైనవి. ఒక రాయి విలువ దాని చుట్టూ ఉన్న రాళ్ళను బట్టి, పలకపై దూరంగా ఉన్న గుంపులను బట్టి కూడా మారుతుంది. ఒక గుంపు బతికి ఉన్నదా, చచ్చిపోయిందా అన్నది కూడా కొన్నిసార్లు ఎన్నో ఎత్తుల తరువాత గానీ తేలదు. అనుభవం గల ఆటగాడు చూడగానే గుర్తించే ఈ సంగతిని సూత్రంగా రాయడం ప్రోగ్రాము రచయితలకు సాధ్యపడలేదు. అందుచేత చదరంగంలో ఫలించిన పద్ధతి గోలో ఫలించలేదు.

== చదరంగంలో పూర్వరంగం ==

=== లెవీ పందెం ===

1968లో స్కాట్లండ్‌కు చెందిన చదరంగ ఆటగాడు డేవిడ్ లెవీ ఒక పందెం కాశాడు. రాబోయే పదేళ్ళలో ఏ కంప్యూటరూ తనను పోటీలో ఓడించలేదని ఆయన వాదం. పందెంలో ఎదుటి పక్షాన ఉన్నవారిలో కృత్రిమ మేధ రంగ స్థాపకులలో ఒకడైన జాన్ మెకార్తీ ఒకడు. 1978లో కెనడాలోని టొరంటోలో జరిగిన పోటీలో లెవీ, చెస్ 4.7 అనే ప్రోగ్రామును 3.5-1.5 తేడాతో ఓడించి పందెం గెలుచుకున్నాడు. 1989లో డీప్ థాట్ అనే యంత్రం అదే లెవీని 4-0తో ఓడించింది. గడువు కట్టిన పందెంలో నిపుణుని అంచనా నిజం కావచ్చును, అయినా ఆ నిజం ఎక్కువ కాలం నిలవకపోవచ్చునని ఈ ఉదంతం తెలుపుతుంది.

=== ఫ్రెడ్కిన్ బహుమతి ===

1980లో ఎడ్వర్డ్ ఫ్రెడ్కిన్ అనే అమెరికన్ కంప్యూటర్ శాస్త్రవేత్త ఇచ్చిన నిధితో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఈ బహుమతి ఏర్పడింది. దీనిలో మూడు మెట్లు ఉన్నాయి.

* మొదటి మెట్టు: మాస్టర్ స్థాయిని అందుకొనే తొలి ప్రోగ్రాముకు 5,000 డాలర్లు. బెల్ ప్రయోగశాలలకు చెందిన కెన్ థాంప్సన్, జో కాండన్ తయారు చేసిన బెల్ యంత్రం దీనిని 1983లో గెలుచుకుంది.
* రెండవ మెట్టు: గ్రాండ్‌మాస్టర్లతో సమానమైన 2500 రేటింగును సాధించే తొలి ప్రోగ్రాముకు 10,000 డాలర్లు. కార్నెగీ మెలన్ విద్యార్థుల బృందం నిర్మించిన డీప్ థాట్‌కు ఇది 1989లో దక్కింది.
* మూడవ మెట్టు: ప్రపంచ విజేతను ఓడించే తొలి ప్రోగ్రాముకు 1,00,000 డాలర్లు. 1997 మేలో న్యూయార్క్‌లో గారీ కాస్పరోవ్‌ను 3.5-2.5 తేడాతో ఓడించిన ఐబీఎం వారి డీప్ బ్లూ యంత్రపు నిర్మాతలకు ఇది లభించింది.

డీప్ బ్లూ నిర్మాతలలో ఫెంగ్-షియుంగ్ షు, ముర్రే క్యాంప్‌బెల్ ఇద్దరూ పూర్వం కార్నెగీ మెలన్‌లో డీప్ థాట్‌పై పనిచేసినవారే. ఆ విధంగా రెండవ మెట్టుకు, మూడవ మెట్టుకు మధ్య ఉన్నది ఒకే దారి. వేగం పెంచిన కొద్దీ బలం పెరిగింది.

=== రాజ్ రెడ్డి ===

రాజ్ రెడ్డిగా ప్రసిద్ధుడైన దబ్బాల రాజగోపాల్ రెడ్డి 1937 జూన్ 13న అప్పటి చిత్తూరు జిల్లాలోని కాటూరు గ్రామంలో జన్మించాడు. మద్రాసులోని గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, ఆస్ట్రేలియాలో ఉన్నత విద్య పొంది, 1966లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందాడు. అక్కడ ఆయన గురువు, లెవీతో పందెం కాసిన జాన్ మెకార్తీయే. 1969లో కార్నెగీ మెలన్‌లో చేరిన రాజ్ రెడ్డి 1979లో అక్కడి రోబోటిక్స్ సంస్థకు వ్యవస్థాపక సంచాలకుడయ్యాడు. 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ పురస్కారం అందుకున్నాడు. 2001లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మభూషణ్ పురస్కారం ఇచ్చింది. హైదరాబాదులోని అంతర్జాతీయ సమాచార సాంకేతిక సంస్థ పాలక మండలికి ఆయన అధ్యక్షత వహించాడు.

రాజ్ రెడ్డి ముఖ్య పరిశోధన మాటలను గుర్తించే కంప్యూటర్లపై జరిగింది. ఆయన బృందం 1973 ప్రాంతంలో రూపొందించిన హియర్సే-1 అనే వ్యవస్థ, నోటితో పలికిన చదరంగపు ఎత్తులను గుర్తించేది. పలికిన మాట స్పష్టంగా వినపడనప్పుడు, ఆ స్థితిలో ఏయే ఎత్తులకు అవకాశం ఉన్నదో చూసి, పలికినది ఏమై ఉంటుందో ఊహించేది. ఆట నియమాల పరిజ్ఞానం వినికిడికి తోడ్పడటం దీనిలోని విశేషం.

1988లో అమెరికా కృత్రిమ మేధ సంఘపు అధ్యక్షోపన్యాసంలో రాజ్ రెడ్డి తన రంగం ముందున్న మహా సవాళ్ళను పేర్కొన్నాడు. ప్రపంచ విజేతను ఓడించే చదరంగ యంత్రం, ఒక భాషలో మాట్లాడితే మరొక భాషలో వినిపించే టెలిఫోను, ప్రమాదాలను తప్పించుకొనే కారు మొదలైనవి వాటిలో ఉన్నాయి. ఈ జాబితాలో చదరంగానికి ఒక ప్రత్యేకత ఉంది. గెలుపు ఏదో, ఓటమి ఏదో వివాదం లేకుండా తేలుతుంది. అనువాదం బాగున్నదా లేదా అన్నదానిపై ఇద్దరు వాదించుకోవచ్చును. ప్రపంచ విజేత ఓడిపోయాడా లేదా అన్నదానిపై వాదన ఉండదు. బహుమతులు ఆటల చుట్టూ ఎక్కువగా ఏర్పడటానికి కారణం ఇదే.

== ఇంగ్ బహుమతి ==

ఇంగ్ చాంగ్-కీ గో క్రీడకు గొప్ప పోషకుడు. వృత్తి ఆటగాళ్ళ కోసం 1988లో ఆరంభమైన ఇంగ్ కప్ పోటీ విజేతకు 4,00,000 అమెరికన్ డాలర్లు ఇవ్వడం అప్పట్లో సంచలనం కలిగించింది. ఆయన స్థాపించిన సంస్థ కంప్యూటర్ ప్రోగ్రాముల మధ్య ప్రపంచ స్థాయి పోటీలను 1985 నుండి 2000 వరకు ఏటా నిర్వహించింది.

ఈ పోటీలో గెలిచిన ప్రోగ్రాముకు యువ ఆటగాళ్ళతో తలపడే అవకాశం ఉండేది. ప్రోగ్రాముకు కొన్ని హ్యాండీక్యాప్ రాళ్ళు ఇచ్చేవారు. అది గెలిస్తే ఆ మెట్టుకు నిర్ణయించిన బహుమతి లభించేది. తరువాతి మెట్టులో రాళ్ళు తగ్గేవి, సొమ్ము పెరిగేది. చిట్టచివరి మెట్టులో ఒక్క రాయి కూడా లేకుండా 1వ డాన్ వృత్తి ఆటగాణ్ణి ఓడించాలి. 4 కోట్ల కొత్త తైవాన్ డాలర్లు ఈ మెట్టుకు నిర్ణయించినవి. ఇది 10 లక్షల అమెరికన్ డాలర్లకు పైబడిన మొత్తం.

1991లో నెదర్లాండ్స్‌కు చెందిన మార్క్ బూన్ రచించిన గోలయత్ ప్రోగ్రాము 17 రాళ్ళ మెట్టును దాటింది. ఆ తరువాత కొన్నేళ్ళపాటు హ్యాండ్‌టాక్ అనే ప్రోగ్రాము ముందు నిలిచింది. దీని రచయిత చెన్ జిషింగ్ చైనాలోని గ్వాంగ్జౌ నగరంలో రసాయన శాస్త్ర ఆచార్యునిగా పనిచేసి పదవీ విరమణ చేసినవాడు. 1997లో హ్యాండ్‌టాక్ 11 రాళ్ళ మెట్టును దాటి 2,50,000 కొత్త తైవాన్ డాలర్లు గెలుచుకుంది. దానికి ప్రత్యర్థులుగా ఉన్నది 11 నుండి 13 ఏళ్ళ వయసు గల ముగ్గురు ఔత్సాహిక బాలురు. వారి స్థాయి 2వ డాన్ నుండి 6వ డాన్ వరకు ఉండేది.

ఇంగ్ చాంగ్-కీ 1997లోనే మరణించాడు. ఆ సంవత్సరం తరువాత మరే బహుమతినీ ఎవరూ గెలవలేదు. 2000లో గడువు ముగిసే నాటికి 9 రాళ్ళ మెట్టుకు నిర్ణయించిన 4,00,000 కొత్త తైవాన్ డాలర్లు అలాగే మిగిలిపోయాయి. ఆ పైమెట్ల గురించి చెప్పనవసరం లేదు.

=== 29 రాళ్ళ ఆట ===

హ్యాండ్‌టాక్ 11 రాళ్ళతో గెలిచిన మరుసటి సంవత్సరమే అమెరికాలో ఒక ఆట జరిగింది. కంప్యూటర్ గో పరిశోధకుడు, బలమైన ఔత్సాహిక ఆటగాడు అయిన మార్టిన్ ముల్లర్, మెనీ ఫేసెస్ ఆఫ్ గో అనే పేరుపొందిన ప్రోగ్రాముకు 29 రాళ్ళు ముందుగా ఇచ్చి కూడా గెలిచాడు. మామూలు లెక్క ప్రకారం ఇది నమ్మశక్యం కాని భేదం. ముల్లర్‌కు ప్రోగ్రాములు ఎలా ఆలోచిస్తాయో, ఎక్కడ తప్పటడుగు వేస్తాయో తెలుసు. ఇంగ్ పోటీలో ఆడిన బాలురకు ఆ పరిచయం లేదు. ప్రోగ్రాము బలం అనేది ఎదుటివాడు ఎవరన్న దానిపై కూడా ఆధారపడి ఉంటుందని, ఒక్క సంఖ్యతో దానిని కొలవలేమని ఈ ఆట నిరూపించింది.

== ట్రాంప్ పందెం ==

1997లో జాన్ ట్రాంప్ 1,000 డాలర్ల పందెం కాశాడు. 2010 చివరిలోగా ఏ ప్రోగ్రామూ తనను పోటీలో ఓడించలేదని ఆయన చెప్పాడు. పందెంలో ఎదుటి పక్షం డారెన్ కుక్ అనే ప్రోగ్రామరు. ట్రాంప్ వృత్తి ఆటగాడు కాడు, 1వ లేదా 2వ డాన్ స్థాయి ఔత్సాహికుడు. అయినప్పటికీ ఇందులో ఆయనే గెలిచాడు. 2010 డిసెంబరులో లండన్‌లో మెనీ ఫేసెస్ ఆఫ్ గో ఆయన చేతిలో 4-0తో ఓడింది. కాని 2012 జనవరిలో జరిగిన మరొక పోటీలో జెన్ అనే జపాన్ ప్రోగ్రాము ట్రాంప్‌ను 3-1తో ఓడించింది. లెవీ పందెం వలెనే ఇక్కడ కూడా గెలిచిన పక్షానికి గడువు కలిసివచ్చింది.

== మాంటీ కార్లో పద్ధతి ==

ఇంగ్ బహుమతి గడువు ముగిసిన తరువాత గో ప్రోగ్రాముల నిర్మాణంలో పెద్ద మార్పు వచ్చింది. 2006లో ఫ్రాన్స్‌కు చెందిన రెమీ కులోమ్ తన క్రేజీ స్టోన్ ప్రోగ్రాములో మాంటీ కార్లో అన్వేషణ అనే పద్ధతిని ప్రవేశపెట్టాడు. అదే కాలంలో ఫ్రాన్స్‌లోనే మోగో అనే ప్రోగ్రాము కూడా ఇటువంటి పద్ధతితో రూపొందింది.

ఈ పద్ధతిలో స్థితిని చూసి అంచనా వేసే సూత్రం అక్కరలేదు. ఒక ఎత్తు మంచిదా కాదా తెలుసుకోవడానికి ప్రోగ్రాము ఆ ఎత్తు నుండి ఆటను చివరి వరకు వేలసార్లు యాదృచ్ఛికంగా ఆడి చూస్తుంది. ఎక్కువసార్లు గెలుపునిచ్చిన ఎత్తులపై మరింత శ్రద్ధ పెట్టి, మిగిలిన వాటిని క్రమంగా పక్కన పెడుతుంది. ఎన్నికలకు ముందు కొంతమంది ఓటర్లను అడిగి ఫలితాన్ని ఊహించడం వంటిదే ఇది. ఒక్కొక్క యాదృచ్ఛిక ఆటకు విలువ లేదు. వేల ఆటల సగటుకు విలువ ఉంది. బతికిన గుంపేదో చచ్చిన గుంపేదో చెప్పే సూత్రం లేకపోయినా ఆట చివరి వరకు వెళితే అది దానంతట అదే తేలిపోతుంది. ఎంతో కాలంగా కొరకరాని కొయ్యగా ఉన్న సమస్యను ఈ విధంగా చుట్టుతిరిగి దాటడం జరిగింది.

2008 ఆగస్టులో అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరంలో జరిగిన గో సమావేశంలో మోగో, 8వ డాన్ వృత్తి ఆటగాడు కిమ్ మ్యుంగ్-వాన్‌తో 9 రాళ్ళు తీసుకొని ఆడి గెలిచింది. అది నెదర్లాండ్స్‌లోని హైగెన్స్ సూపర్ కంప్యూటరుపై నడిచింది. ఇంగ్ బహుమతిలో మిగిలిపోయిన మెట్టు కూడా 9 రాళ్ళదే. అక్కడ ప్రత్యర్థులు బాలురు; ఇక్కడ ప్రత్యర్థి వృత్తి ఆటగాడు. గడువు తీరిన ఎనిమిదేళ్ళకు ఆ మెట్టును మించిన ఫలితం వచ్చింది గాని ఇచ్చేందుకు బహుమతి లేదు.

2012 మార్చిలో జెన్ ప్రోగ్రాము 9వ డాన్ ఆటగాడు తకెమియా మసాకిని మొదట 5 రాళ్ళతో, తరువాత 4 రాళ్ళతో ఓడించింది. 2013 మార్చిలో క్రేజీ స్టోన్ మరొక 9వ డాన్ ఆటగాడు ఇషిదా యోషియోను 4 రాళ్ళతో ఓడించింది. ఆ తరువాత పురోగతి నెమ్మదించింది. సమాన స్థాయిలో వృత్తి ఆటగాణ్ణి ఓడించడానికి బహుశా పదేళ్ళు పట్టవచ్చునని 2014లో కులోమ్ అభిప్రాయపడ్డాడు.

== ఆల్ఫాగో ==

లండన్‌లోని డీప్‌మైండ్ సంస్థ నిర్మించిన ఆల్ఫాగో 2015 అక్టోబరులో ఐరోపా విజేత, 2వ డాన్ వృత్తి ఆటగాడు ఫాన్ హుయీని ఒక్క హ్యాండీక్యాప్ రాయి కూడా తీసుకోకుండా 5-0తో ఓడించింది. ఈ సంగతి 2016 జనవరిలో నేచర్ పత్రికలో వెలువడింది. 1వ డాన్ వృత్తి ఆటగాణ్ణి రాళ్ళు లేకుండా ఓడించాలన్న ఇంగ్ చివరి మెట్టు లక్ష్యం ఆ విధంగా గడువు ముగిసిన 15 ఏళ్ళకు నెరవేరింది.

ఆల్ఫాగో మాంటీ కార్లో అన్వేషణకు న్యూరల్ నెట్‌వర్కులను జోడించింది. ఒక నెట్‌వర్కు ఏ ఎత్తులు పరిశీలించదగినవో సూచిస్తుంది. మరొకటి స్థితిని చూసి గెలుపు అవకాశాన్ని అంచనా వేస్తుంది. మానవులు సూత్రంగా రాయలేకపోయిన అంచనాను యంత్రం ఉదాహరణల నుండి తానే నేర్చుకుంది. మొదట ఒక గో సర్వరులో మానవులు ఆడిన ఆటల నుండి తీసుకున్న 3 కోట్ల స్థితులతో దానికి శిక్షణ ఇచ్చారు. తరువాత అది తనతో తానే ఆడుకొని బలం పెంచుకుంది.

2016 మార్చి 9 నుండి 15 వరకు దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో లీ సెడోల్‌తో ఐదు ఆటల పోటీ జరిగింది. విజేతకు 10 లక్షల డాలర్ల బహుమతి ప్రకటించారు. రెండవ ఆటలో ఆల్ఫాగో ఆడిన 37వ ఎత్తును చూసి వ్యాఖ్యాతలు మొదట పొరపాటు అనుకున్నారు. మానవ ఆటగాడు దానిని ఆడే అవకాశం పదివేలలో ఒకటి అని ప్రోగ్రాము స్వయంగా లెక్క కట్టింది. నాలుగవ ఆటలో లీ సెడోల్ 78వ ఎత్తుతో యంత్రాన్ని తికమక పెట్టి గెలిచాడు. మిగిలిన నాలుగు ఆటలను ఆల్ఫాగో గెలిచింది. బహుమతి సొమ్ము యూనిసెఫ్‌తో సహా పలు దాతృత్వ, విద్యా సంస్థలకు, గో సంఘాలకు వెళ్ళింది. 2017 మేలో చైనాలోని వుజెన్‌లో అప్పటి అగ్రశ్రేణి ఆటగాడు కే జీ ఆల్ఫాగో చేతిలో 3-0తో ఓడిపోయాడు. ఆ పోటీ బహుమతి 15 లక్షల డాలర్లు.

ఈ రెండు పోటీలలో సవాలు దిశ తిరగబడింది. ఇంగ్ కాలంలో మనిషిని ఓడించే యంత్రాన్ని తెచ్చినవారికి సొమ్ము ఇస్తామన్నారు. 2016లో యంత్రాన్ని నిర్మించినవారే సొమ్ము పెట్టి, గెలిస్తే తీసుకోమని మనిషిని ఆహ్వానించారు.

== రాళ్ళ లెక్కలో పురోగతి ==

* 1991: గోలయత్, యువ ఔత్సాహికులపై, 17 రాళ్ళు
* 1997: హ్యాండ్‌టాక్, యువ ఔత్సాహికులపై, 11 రాళ్ళు
* 2008: మోగో, 8వ డాన్ వృత్తి ఆటగాడిపై, 9 రాళ్ళు
* 2012: జెన్, 9వ డాన్ వృత్తి ఆటగాడిపై, 4 రాళ్ళు
* 2013: క్రేజీ స్టోన్, 9వ డాన్ వృత్తి ఆటగాడిపై, 4 రాళ్ళు
* 2015: ఆల్ఫాగో, 2వ డాన్ వృత్తి ఆటగాడిపై, రాళ్ళు లేవు
* 2016: ఆల్ఫాగో, 9వ డాన్ వృత్తి ఆటగాడిపై, రాళ్ళు లేవు

== తరువాతి పరిణామాలు ==

2017 అక్టోబరులో ప్రకటించిన ఆల్ఫాగో జీరో మానవుల ఆటలను అసలు చూడకుండా, నియమాలు మాత్రమే తెలుసుకొని, తనతో తానే ఆడి నేర్చుకుంది. మూడు రోజుల శిక్షణ తరువాత అది లీ సెడోల్‌ను ఓడించిన రూపాన్ని 100-0తో ఓడించింది. 2019 నవంబరులో లీ సెడోల్ వృత్తి క్రీడ నుండి విరమించుకున్నాడు. ఓడించడం సాధ్యం కాని శక్తి ఒకటి ఉన్నదన్న భావన తన నిర్ణయానికి ఒక కారణమని చెప్పాడు. మరొకవైపు వృత్తి ఆటగాళ్ళు ఇటువంటి ప్రోగ్రాములనే శిక్షకులుగా ఉపయోగించుకోవడం ఆరంభించారు.

అయితే కథ అక్కడితో ముగియలేదు. కటాగో అనేది ఎవరైనా ఉచితంగా వాడుకోదగిన, అత్యంత బలమైన గో ప్రోగ్రాము. కొందరు పరిశోధకులు దాని లోపాలను వెదకడానికే మరొక ప్రోగ్రాముకు శిక్షణ ఇచ్చారు. అది కటాగోను తరచుగా ఓడించే ఒక ఉపాయాన్ని కనుగొంది. పలకపై వలయాకారంలో ఏర్పడిన పెద్ద గుంపును నెమ్మదిగా చుట్టుముడుతుంటే కటాగో తన గుంపుకు వచ్చిన అపాయాన్ని చివరి వరకు గుర్తించలేకపోయింది. ఈ ఉపాయాన్ని నేర్చుకున్న కెల్లిన్ పెల్రిన్ అనే అమెరికన్ ఔత్సాహిక ఆటగాడు, ఆడేటప్పుడు కంప్యూటరు సహాయం లేకుండానే కటాగోతో 15 ఆటలు ఆడి 14 గెలిచాడు. ఇది 2023 ఫిబ్రవరిలో వెల్లడైంది. ఈ గెలుపుకు ఏ బహుమతీ లేదు.

== బహుమతుల ప్రభావం ==

చదరంగంలో బహుమతి మెట్లన్నీ 17 ఏళ్ళలో పూర్తయ్యాయి. గోలో 15 ఏళ్ళకు పైగా సాగిన ప్రయత్నం 11 రాళ్ళ దగ్గర ఆగిపోయింది. గో బహుమతి సొమ్ము చదరంగపు బహుమతికి పది రెట్లకు మించినది. మెట్లు రెండింటిలోను ఉన్నాయి. తేడా పద్ధతిలో ఉంది. చదరంగంలో దారి ముందే తెలుసు. ఇక కావలసింది వేగం, పట్టుదల. గోలో దారే తెలియదు. దారి తెలిసిన చోట బహుమతి నడకను వేగవంతం చేస్తుంది, దారి తెలియని చోట ఎంత దూరంలో ఆగిపోయామో మాత్రమే చూపిస్తుంది.

అది కూడా తక్కువ ప్రయోజనం కాదు. ఇంగ్ పోటీలు వేర్వేరు దేశాల ప్రోగ్రాము రచయితలను ఏటా ఒక చోట చేర్చాయి. 17, 11, 9 అనే రాళ్ళ లెక్కలు లేకపోతే మాంటీ కార్లో పద్ధతి తెచ్చిన మార్పు ఎంత పెద్దదో అంత త్వరగా తెలిసి ఉండేది కాదు.

బహుమతులు కొలవలేకపోయినది మరొకటి ఉంది. ప్రతి సవాలూ ఒక నిర్ణీత ప్రత్యర్థిపై, కొద్ది ఆటలలో, నిర్ణీత రోజున గెలవమని మాత్రమే అడిగింది. యంత్రపు బలహీనతను తీరికగా వెదికే ప్రత్యర్థి ముందు అది నిలుస్తుందా అని ఏ బహుమతీ అడగలేదు. 1998లో 29 రాళ్ళు ఇచ్చి గెలిచిన ముల్లర్ ఆటలోను, 2023లో పెల్రిన్ ఆటలలోను బయటపడినది ఈ సంగతే. కార్లు నడపడానికి, రోగాలను గుర్తించడానికి కూడా ఇటువంటి అభ్యాస పద్ధతులనే వాడుతున్నందున ఈ ప్రశ్న గో పలకకు మాత్రమే పరిమితమైనది కాదు.

== ఇవి కూడా చూడండి ==

* రాజ్ రెడ్డి
* చదరంగం
* పులిజూదం
* కృత్రిమ మేధస్సు
* ట్యూరింగ్ పురస్కారం